వేపమండ దించిన రోజు

తడిగుడ్డ చెంప మీద పడగానే చల్లన.

నూరు అంకెలు లెక్కపెట్టేలోపే వెచ్చబడుతుంది.

మళ్ళీ ముంచడం. మళ్ళీ పిండడం. మళ్ళీ వేసుకోవడం...

పదకొండు రోజులుగా శోభనకు ఇదే పని.

రెండేళ్ళు ఒక పూతమందు రాసింది. చెంపల ఎరుపు తగ్గడానికని మందుల షాపులో ఇచ్చినది. పొద్దున రాస్తే మధ్యాహ్నానికి ముఖం తేటపడేది. రాయని రోజు మునుపటికంటే ఎర్రగా పొంగేది. హోసూరులో చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి తల పట్టుకుంది. ఈ మందే నీ ముఖాన్ని చెడగొట్టింది, ఆపు, మొదట ఇంకా మండుతుంది, నెలన్నర ఓర్చుకో అంది. మధ్యలో రాశావంటే మళ్ళీ మొదటి రోజే — అని కూడా అంది.

ఆపింది.

ముఖం దున్నిన ఎర్రమట్టి అయింది.

అత్త సుబ్బక్క ఆ ముఖం చూసి, అమ్మవారు పోసిందనుకుని చేతులు జోడించింది.

"అమ్మ వచ్చుండాది."

"అమ్మ కాదత్తా, మందు ఆపినాను."

"నోరు ముయ్యమ్మే. ఆమెకి వినబడితే?"

గడపకు వేపమండ కట్టింది. ఇంట్లో పోపు ఆపింది. కోడలు పట్టుపురుగుల గదిలో కాలు పెట్టకూడదంది.

పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటాయి. తోలు మార్చుకునే నిద్రను కెలమంగలంలో జ్వరమనే అంటారు. జ్వరం విడిచిన పురుగుది ఒకటే ఆకలి. వారం రోజులు రేయింబవళ్ళు తింటుంది. ఇప్పుడు మేత తగ్గితే గూడు కట్టదు. ఇన్నాళ్ళ కష్టం మట్టి.

పురుగులకు మల్బరీ ఆకు కోసే తమిళ్‌సెల్వి వేపమండ చూసి వాకిలి అవతలే ఆగింది.

"ఇద్దరు పిల్లకాయలుండారు నాకు. అమ్మ దిగినాక పిలువక్కా. నీ ముఖం చూస్తే నాకే చెమట్లు పడతా ఉండాయి."

శోభన భర్త గుర్రప్ప ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. ముసలామె ఒక్కతే కోసి, మోసి, మేపాలి. మోకాళ్ళు పట్టేసిన ముసలామె.

శోభన కిటికీలోంచి చూసింది. ఆకు లేని తట్టల్లో పురుగులు తలలెత్తి గాలిని వెతుకుతున్నాయి.

అలమరలో ట్యూబు ఉంది. పారేయలేదు.

కొంచెం రాస్తే చాలు. మధ్యాహ్నానికి ముఖం తేటపడుతుంది. అమ్మ దిగిందంటారు. మండ దిగుతుంది. సెల్వి వస్తుంది. పురుగులు బతుకుతాయి.

పదకొండు రోజులు పోతాయి.

మూత తీసింది. వేలి మీదికి తెల్లగా ఒక బొట్టు వచ్చింది. ఎంత అలసట... సొంత ముఖాన్ని మోయడం కూడా ఇంత బరువా?

అమ్మా, ఇది నువ్వా? నువ్వయితే ఓర్చుకుంటాను. కాకపోతే — నీ పేరు చెప్పి ఈ మూగజీవాలు పస్తుండడం నీకు ఇష్టమేనా?

గాలికి వేపాకు కదిలింది, అంతే.

వేలు కొంగుకు తుడుచుకుంది.

గడప దగ్గరికి పోయి మండ విప్పింది. పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతుల మీద పెట్టుకుని మారెమ్మ గుడి దాకా నడిచింది. ఎండకు చెంపలు నిప్పులయ్యాయి. మండను అమ్మ పాదాల ముందు పెట్టింది.

"తప్పయితే నన్ను పట్టుకో. పురుగుల జోలికి పోవద్దు."

వేప చేదు పురుగుకు విషం. ఇంటికొచ్చి మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. చీర మార్చుకుంది. గదిలోకి వెళ్ళింది.

తడి గోనె కిందనుంచి ఆకు తీస్తున్న సుబ్బక్క కోడలిని చూసింది. బోసిపోయిన గడపను చూసింది. అరుస్తుందనుకుంది శోభన.

ముసలామె చేతిలోని ఆకును తట్టలో పరిచింది.

శోభన ఆకు పరిచింది. ఒక తట్ట. ఇంకో తట్ట.

మూడో తట్ట దగ్గర ముసలామె అంది.

"అమ్మయితే ఈపాటికి నీళ్ళ పొక్కులు తేలుండాల."

ముసలామె కోడలి చెంపల వంక పరకాయించి చూసింది.

"తేల్లేదే..."

దగ్గరికొచ్చి, ఆకు తడి ఆరని అరచేతిని కోడలి చెంపకు ఆనించింది.

చల్లన.

కాసేపటికి ఆ చెయ్యి కూడా వెచ్చబడింది.

తీయలేదు.