ఉద్యోగం పోయిన గ్రహం

ఎప్పటిలాగే ముందు భూమికి నూనె వేశాడాయన, తర్వాత శుక్రుడికి. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. రెండో చుక్క పడిందంటే గ్రహాలు మరీ హుషారెక్కి, పిడి ఆపినా ఆగవు. పాత బనీను గుడ్డతో సూర్యుణ్ణి తుడిచి, పిడి పట్టుకుని మెల్లగా తిప్పాడు. ఎనిమిది చెక్కబంతులూ కిర్రుమనకుండా కదిలాయి.

బడిలో అందరికీ ఆయన గ్రహాల తాతయ్య. ముప్ఫై ఒక్క ఏళ్లుగా సైన్సు గదికి అటెండరు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. చొక్కా జేబు మూల ఎప్పుడూ నూనె మరక. ఉదయం ఎనిమిదిన్నరకు గేటు దాటి లోపలికి, సాయంత్రం అయిదుకు బయటికి. అదే వీధి, అదే మలుపు. సందు చివర కొట్టు నడిపే ఆవిడ ఆయన్ని చూసి గోడ గడియారం సరిచేసుకునేది. ఇవాళ్టితో ఆ ఉద్యోగం అయిపోతుంది.

అందుకు ఆయనకు పెద్ద దిగులు లేదు. దిగులంతా రెండో అరలో ఉన్న పరమాణువు గురించే.

దాన్ని ఆయనే చేశాడు, చేరిన కొత్తలో. నడుమ ఎర్ర రబ్బరు బంతి, చుట్టూ గొడుగు ఊచలు వంచిన రెండు చుట్లు, వాటి మీద నీలం పూసలు. ఆ పూసలు భార్య తెగిన దండలోవి. మెడలో ఉంటే మీరొక్కరే చూస్తారు, బళ్లో ఉంటే ఊరంతా చూస్తుందని ఆవిడే దారం లాగి ఇచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్లు.

కొత్త సైన్సు టీచరమ్మ నిన్న దాన్ని చూసి, పరమాణువు ఇలా ఉండదు తాతయ్యా, రేపు పాత సామాను బండిలో వేసేయండి అంది. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేవాడేమో. మామూలుగానే అంది. బండి మధ్యాహ్నం వస్తుంది. పొద్దున్నుంచి ఆయన దాన్ని మూడుసార్లు తుడిచాడు.

మూడో పీరియడులో టీచరమ్మ గ్రహాల బొమ్మనూ పరమాణువునూ తెమ్మంది. పారేసేముందు పరమాణువులో తప్పేమిటో పిల్లలకు చూపిస్తుందట. ఆయన రెంటినీ బల్ల మీద పెట్టి తన చోటికి, తలుపు పక్కకి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ పూసలు లెక్కపెట్టి ఆగిపోయింది.

"ఆక్సిజన్ అన్నారు కదా తాతయ్యా? ఎనిమిదుండాలి. తొమ్మిదున్నాయేంటి?"

తొమ్మిదోది పూస కాదు, బూడిదరంగు చెక్కబంతి. ఆయన మెడ గోక్కున్నాడు.

"అది ఆఖరి గ్రహం అమ్మా. అది గ్రహమే కాదు, తీసేయమని అప్పట్లో కాగితం వచ్చింది. అన్నేళ్లు తిరిగినదాన్ని ఉన్నపళంగా పనిలోంచి తీసేస్తే ఎక్కడికి పోతుంది పాపం? అందుకని ఇక్కడ చేర్చా."

తరగతి గొల్లుమంది. టీచరమ్మకూ నవ్వాగలేదు.

"మీ జాలి పుణ్యమా అని ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్ అయి కూర్చుంది. ఎంతమంది పిల్లలు తప్పు రాశారో."

తర్వాత ఆవిడ పాఠంలోకి వెళ్లింది. పెద్ద గ్రహమూ చిన్న ఎలక్ట్రానూ ఒకే తీరుగా తిరుగుతాయని ఒకప్పుడు అనుకున్నారట. గ్రహం రేపు ఎక్కడుంటుందో ఇవాళే చెప్పొచ్చు. ఎలక్ట్రాను అలా కాదు. దానికి గీత గీసినట్టు దారి లేదు. ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో చెప్పగలం, అంతే.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ తలుపు దగ్గర నిలబడి ఆయన ఎన్నో పాఠాలు విన్నాడు. ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఎక్కడుందో తెలీనప్పుడు, ఉందని ఎలా చెప్తారమ్మా?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "దాని పని తెలుస్తుంది కదా తాతయ్యా."

"అయితే మా ఇంటావిడ లాగే అన్నమాట," అన్నాడాయన. "నేను ఈ చెక్కబంతుల టైపు. ఎనిమిదిన్నరకి ఎక్కడుంటానో ఎవర్నడిగినా చెప్తారు. ఆవిడ అలా కాదు. ఇంట్లోనే ఉండేది, ఏ గదిలో అంటే చెప్పలేం. వంటింట్లో వెతికితే పెరట్లో గాజుల చప్పుడు. ఇప్పటికీ అంతే."

నవ్వబోయిన పిల్లలు ఆగిపోయారు. ఆవిడ లేదని బళ్లో అందరికీ తెలుసు.

టీచరమ్మ ఒక చీటీ చింపి, 'ఒకప్పుడు ఇలా అనుకున్నారు' అని రాసి, పరమాణువు పీట మీద అంటించింది. పీట మీద చీటీ సరిగ్గా అంటిందో లేదో అని రెండుసార్లు వేలితో అదిమింది.

"ఇది ఇక్కడే ఉంటుంది తాతయ్యా. ఆ తొమ్మిదోదాన్ని మాత్రం తీసేయండి."

మధ్యాహ్నం వచ్చిన బండిలో విరిగిన స్టూళ్లూ చీకిన పటాలూ వెళ్లిపోయాయి. సాయంత్రం హెడ్మాస్టరు నాలుగు మంచి మాటలు చెప్పారు. టీ తాగాక తాతయ్య తాళంచెవుల గుత్తి అప్పగించి, సైన్సు గదిలోకి మరొక్కసారి వెళ్లొస్తానన్నాడు. గేటు దాటేసరికి సరిగ్గా అయిదు. కొట్టావిడ తలెత్తి గడియారం వంక చూసింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు టీచరమ్మే తలుపు తీసుకుంది. గుత్తిని ఎప్పుడూ తలుపు పక్క మేకుకే తగిలిస్తారని తగిలించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మేకుకు కుట్టుదారంతో వేలాడుతున్న బూడిదరంగు చెక్కబంతి, తలుపు గాలికి ఒకసారి ఇటు తిరిగి, ఆగి, మెల్లగా అటు తిరిగింది.