సిగ్నల్ తెగినప్పుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బొమ్మ విమానాల రేడియోలు బాగుచేసే నా కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పని తెలిసినవాణ్ణి కాబట్టి సర్దుకుపోతారు. మా బావ ఒక్కడే సర్దుకోడు, పైగా గిల్లి మరీ చూస్తాడు.

ఆ శనివారం ఆయన పెట్రోలు విమానంలో కొత్త రిసీవర్ పెడుతున్నాను. రిమోట్ పంపే సిగ్నల్ అందుకుని, రెక్కల్నీ ఇంజన్నీ కదిలించే సర్వో మోటార్లకు చెప్పేది రిసీవరే. దాన్ని రిమోట్‌తో జత చేసే క్షణంలో రిమోట్ మీద వేళ్ళతో కదిపే పుల్లలు ఎక్కడున్నాయో అది గుర్తుపెట్టుకుంటుంది. గాల్లో ఎప్పుడైనా సిగ్నల్ తెగితే సర్వోలను ఆ స్థానాలకే తిప్పుతుంది. అందుకే ఇంజన్ వేగం పెంచే పుల్లను పూర్తిగా దించి జత చేయాలి. ఆ తర్వాత రిమోట్ ఆపేసి, సర్వో ఇంజన్ని తగ్గించే వైపు తిరిగిందో లేదో చూడాలి. ఆ రోజుదాకా ఇరవై ఏళ్ళలో నేను ఆ పరీక్ష ఎగ్గొట్టింది లేదు.

పాత రిసీవర్ తీసేముందు సర్వో నుంచి ఇంజన్‌కు వెళ్ళే కడ్డీ పొడవు సరిచూడటానికి పుల్లను పైకి తోసి ఉంచాను. బావ పక్కనే నిలబడి, నా చేతిలో పడ్డ విమానం ఎగిరేలోపు తనకు మనవలు పుట్టేస్తారన్నాడు. కొట్లో ఉన్న ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. జత చేసే బటన్ నొక్కి, లైటు వెలగగానే మూత బిగించి, విమానాన్ని ఆయన చేతుల్లో పడేశాను. పుల్ల పైనే ఉందన్న ధ్యాసే లేదు, పరీక్షా చేయలేదు.

మర్నాడు పొద్దున మైదానంలో బావ విమానం ఎగరేస్తుంటే మా అక్క ఎప్పటిలాగే కంచె వెనక మడతకుర్చీలో కూర్చుంది. విమానం మలుపు తిరుగుతూ ఉన్నట్టుండి మాట వినడం మానేసింది. తగ్గాల్సిన ఇంజన్ రొద రెట్టింపయింది. అది కంచె దాటి వచ్చి అక్కను కొట్టింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి అక్క పోయింది.

బావ కంగారులో పుల్లను పైకి తోసేశాడని మైదానంలో అందరూ అనుకున్నారు. తాను తోయలేదని ఆయన గట్టిగా చెప్పలేకపోయాడు. ఆ పుల్ల కదిపేది ఎడమచేత్తో. ఆ చేతిని ఆయన జేబులోంచి తీయడం మానేశాడు.

పన్నెండో రోజు రిమోట్‌నూ విమానం ముక్కల్నీ కొట్టుకు పంపి, ఫోన్ చేశాడు.

"తప్పు యంత్రానిదో, నా చేతిదో చూసి చెప్పరా. నాలుగింటికి వస్తాను. ఏదైనా సరే, నాకు తెలియాలి."

ముక్కల్లోంచి రిసీవర్ బయటికి తీశాను. చెక్కుచెదరలేదు. బ్యాటరీ పెట్టి, ఒక మంచి సర్వో తగిలించి, రిమోట్ వేసి, పుల్ల కిందే ఉంచి ఆపేశాను. సర్వో గుర్రుమంటూ ఇంజన్ని పూర్తిగా తెరిచే వైపు తిరిగి ఆగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అటే తిరిగింది. మా అక్కను చంపింది నేను.

చెబితే బావ కూడా నాకు దక్కడని, నాకింకెవరున్నారని నచ్చజెప్పుకున్నాను. అవన్నీ సాకులు. నాకు భయమేసింది, అంతే. నాలుగింటికి పది నిమిషాలుండగా పుల్ల దించి, బటన్ నొక్కి మళ్ళీ జత చేశాను.

బావ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. రిమోట్ ఆపాను. సర్వో బుద్ధిగా ఇంజన్ని తగ్గించే వైపు తిరిగింది. ఇంకోసారి చూపించమన్నాడు, చూపించాను. మూడోసారి తనే కుడిచేత్తో ఆపి చూసుకున్నాడు.

"అయితే నా చేయే," అన్నాడు.

"బావా, ఒక్కోసారి సిగ్నల్..."

"వద్దురా. సరిచూడకుండా నువ్వు ఏదీ బయటికివ్వవు. మీ అక్క ఎప్పుడూ అదే చెప్పేది."

రిమోట్‌ను నా వైపు జరిపి, తనకిక దానితో పనిలేదన్నాడు. ఎడమచేయి జేబులోనే ఉంచుకుని మెట్లు దిగాడు. వీధి మలుపు దాటేదాకా ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. పిలిస్తే వినపడేంత దూరమే. నేను పిలవలేదు.