ముందే రాసిన సమీక్ష

కొత్త టీచరు వయసు ముప్పై ఒకటి. ఆవిడలో కొత్తదంటూ ఏదైనా ఉంటే ఆ పిలుపు ఒక్కటే. భుజాన సంచి అక్కది, కాళ్లకున్న చెప్పులు మూడేళ్లనాటివి, భయం కిందటేడాదిది.

కిందటేడాది సరిగ్గా ఇలాంటి తరగతి గదిలోనే ఆవిడ నోరు పడిపోయింది. టీచరు శిక్షణలో ఆఖరి మెట్టు అది. పరీక్షాధికారి వెనక బెంచీలో కూర్చుంటాడు, మనం నిజం పిల్లలకు నిజం పాఠం చెప్పాలి. ఆవిడ బోర్డు మీద తేదీ వేసింది, పాఠం పేరు రాసింది, పిల్లల వైపు తిరిగింది. అంతే, నాలుక పిడచగట్టుకుపోయింది. పదకొండు నిమిషాలు అలా నిలబడి, వేసిన తేదీని తుడిచి మళ్లీ అదే తేదీ వేసి, సంచి తీసుకుని బయటికి వచ్చేసింది. ఈ పరీక్షకు రెండే అవకాశాలు. ఇవాళ్టిది రెండోది. ఇదీ పోతే సర్టిఫికెట్టు లేదు, ఉద్యోగమూ లేదు. ఇదివరకు పనిచేసిన కళ్లద్దాల షాపులో వదిలేసి వచ్చిన కుర్చీలో ఇప్పటికే వేరే అమ్మాయి కూర్చుని ఉంది.

అందుకే ఈసారి ఇంట్లో ఇరవై రోజులు రిహార్సల్ చేసింది. అక్క సిటీ బస్సు కండక్టరు. మొదటి బస్సుకి బయల్దేరేలోపు ఉల్లిపాయలు తరుగుతూ ఏడో తరగతి మొత్తం తానే అయ్యేది.

"కొవ్వొత్తి మీద గాజు సీసా బోర్లిస్తే ఏమైంది?" అని చెల్లెలు అడిగేది.

"ఆరిపోయింది టీచర్!" కత్తి పైకెత్తి మరీ చెప్పేది అక్క.

"పళ్లెంలో నీళ్లు సీసాలోకి ఎందుకెక్కాయి?"

"మంట ఆక్సిజన్‌ని తినేసింది టీచర్! ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి!" అని, కళ్లు తుడుచుకుంటూ, "ఇంత తెలివైన క్లాసు నీకెక్కడా దొరకదే. వెళ్లిరా, భయపడకు," అనేది.

భయపడకు అన్నంత మాత్రాన భయం పోతే ప్రపంచంలో ఇన్ని తాయెత్తులు ఎందుకమ్ముడుపోతాయి? ఇవాళ పొద్దున బడి మెట్లెక్కుతూ ఆవిడ మొదటి ప్రశ్నని మూడుసార్లు పలికి చూసుకుంది. తరగతిలో ముప్పై ఎనిమిది మంది. కిటికీ రెక్కకి గడియ లేదు, ఇనప తీగతో కట్టారు. వెనక బెంచీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, ఎర్రపెన్ను మేష్టారు కూర్చుని ఉన్నాడు. పరీక్షాధికారి అసలు పేరు శిక్షణలో ఎవరికీ అక్కర్లేదు. ఆ పెన్ను చాలు.

ఆవిడ తన పాఠ్యప్రణాళికలున్న రికార్డు పుస్తకాన్ని ఆయన ముందు పెట్టి వచ్చింది. తేదీ వేసింది. పాఠం పేరు రాసింది. పిల్లల వైపు తిరిగింది. 'అయిపోయింది, మళ్లీ అయిపోయింది' అనుకుంది. అప్పుడు మొదటి బెంచీ పిల్లాడెవడో పెద్దగా తుమ్మాడు, అందరూ నవ్వారు, ఆ నవ్వులో పడి ఆవిడ గొంతు కూడా బయటికి వచ్చేసింది.

పళ్లెంలో నీలం సిరా కలిపిన నీళ్లు పోసింది. మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టింది. వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి. సీసా బోర్లించింది. మంట కుదించుకుపోయి ఆరిపోయింది. నీళ్లు బుడుంగుమని సీసాలోకి ఎక్కాయి. పిల్లలు ఓహో అన్నారు. ఆవిడ అడిగింది, వాళ్లు చెప్పారు. పాఠ్యప్రణాళికలో ఎడమవైపు టీచరు ప్రశ్న, కుడివైపు పిల్లల జవాబు ఉంటాయి. పిల్లలు అచ్చం కుడివైపు రాసినట్టే చెప్పారు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

చివరి వరసలో, మేష్టారి పక్కనే కూర్చున్న రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మంట ఆక్సిజన్ తింటూ ఉంటే నీళ్లు మెల్లగా, తింటున్న కొద్దీ ఎక్కాలి కదా? మండుతున్నంతసేపూ ఎక్కలేదు. ఆరిపోయాక ఒక్కసారే ఎక్కాయి. ఎందుకు టీచర్?"

ఆవిడ పళ్లెం వైపు చూసింది. నిజమే. ఇరవై రోజులు చేసింది, ఒక్కరోజు కూడా ఆ సంగతి కంటపడలేదు. జవాబు కుడివైపున లేదు, ఎడమవైపునా లేదు. సాయం కోసమన్నట్టు మేష్టారి వైపు చూసింది. ఆయన రికార్డులో పేజీ తిప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. పై ప్రాణాలు పైనే పోయాయి.

శిక్షణలో నలభై పాఠాలు చెప్పాలి, ప్రతిదాని వెనక పేజీలో స్వీయసమీక్ష రాయాలి. పాఠం ఎలా సాగింది, ఎక్కడ తడబడ్డాం, పిల్లలకి ఏం అర్థమైంది అన్నది పాఠం అయ్యాక, ఆ సాయంత్రమే రాయాలి. నియమం అది. జరిగేది వేరు. శిక్షణలో ఉన్నవాళ్లంతా పై తరగతి వాళ్ల పాత రికార్డు సంపాదించి, ఒక ఆదివారం కూర్చుని, అప్పటిదాకా అయిన పాఠాల సమీక్షలన్నీ ఒక్క ఊపులో ఎక్కించేస్తారు. పై తరగతి వాళ్లూ అంతకుముందు వాళ్లవి చూసే రాశారు. ఈవిడా అలాగే రాసింది. రాసే ఊపులో ఆగలేదు. నలభయ్యోది, ఇవాళ్టిది కూడా రాసేసింది. అది ఇప్పుడు ఆయన చేతిలో ఉంది, పాఠం ఇంకా సగంలో ఉంది.

మేష్టారు చదువుతున్నాడు. పెన్ను మూత తీశాడు.

"టీచర్?" అంది రెండు జడల పిల్ల.

పదకొండు నిమిషాల నిశ్శబ్దం గది తలుపు దగ్గర నిలబడి లోపలికి రానా అన్నట్టు అనిపించింది. పారిపోదామనుకుంది. సంచి ఎక్కడుందో కూడా చూసుకుంది. కానీ ఎలాగూ మునిగాం కదా అన్న తెగింపు ఎక్కడినుంచో వచ్చింది.

"నాకు తెలీదమ్మా," అంది. "మళ్లీ చేసి చూద్దామా?"

ముప్పై ఎనిమిది మంది బల్ల చుట్టూ మూగారు. ఒకడు, "మూడు కొవ్వొత్తులు పెడదాం టీచర్," అన్నాడు. సీసా అదే, లోపలి గాలీ అంతే. పెట్టారు. నీళ్లు మొదటిసారికంటే చాలా పైకి ఎక్కాయి. ఆక్సిజనే కారణమైతే రెండుసార్లూ ఒకటే ఎత్తు రావాలి కదా అని ఒకరు, సీసా అంచున బుడగలు వచ్చాయి చూశారా అని ఇంకొకరు, ఒకళ్లమీద ఒకళ్లు పడి అరిచారు. సిరా నీళ్లు హాజరుపట్టీ మీద ఒలికాయి. సారాంశం చెప్పలేదు. ఇంటిపని ఇవ్వలేదు. గంట కొట్టేశారు.

పిల్లలు వెళ్లాక ఎర్రపెన్ను మేష్టారు బెంచీలోంచి కష్టపడి బయటికొచ్చి, రికార్డు ఆవిడ ముందు పెట్టాడు.

"చదువమ్మా. పైకి."

ఆవిడ చదివింది. "పాఠం అనుకున్న ప్రకారం సాగింది. విద్యార్థులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు. సందేహాలన్నీ నివృత్తి చేశాను. సారాంశం చెప్పి, ఇంటిపని ఇచ్చి, సకాలంలో ముగించాను."

"పోయిన వారం ఇరవై రెండు రికార్డులు చూశాను," అన్నాడాయన. "ఇరవై రెండు క్లాసుల్లోనూ పిల్లలు ఉత్సాహంగానే పాల్గొన్నార్ట. అందులో ఒక క్లాసులో నా పక్కనే ఇద్దరు గుర్రుపెట్టి నిద్రపోయారు. సరే, ఇది ముందే రాశావు. మిగతా ముప్పై తొమ్మిదీ?"

లేదనొచ్చు. అవి నిజంగా రాసినవే, ఇదొక్కటే తొందరపడ్డాను అంటే నమ్ముతాడు. నమ్మకపోయినా రుజువేం లేదు. అక్క ఉల్లిపాయల కత్తి పైకెత్తి నిలబడ్డట్టు కళ్లముందు కనిపించింది.

"అన్నీ అంతే సార్," అంది. "ఒక్క ఆదివారంలో రాశాను."

ఆయన బల్లమీద చల్లారిన సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాఠం పాసు," అన్నాడు. ఆవిడ ఊపిరి తీసుకునేలోపే, "రికార్డు ఫెయిలు. రికార్డు లేకపోతే పాఠం లెక్కలోకి రాదు. పది రోజులు టైమిస్తున్నా. నలభై సమీక్షలూ మళ్లీ రాసుకురా. జరిగింది రాయాలి."

"అన్నీ ఎలా గుర్తుంటాయి సార్?"

"భయపడ్డది గుర్తుండదా?"

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. "అది గుర్తుంది సార్. నలభై రోజులూ గుర్తున్నాయి."

"అదే రాయి," అని ఆయన వెళ్లిపోయాడు.

గుమ్మంలో రెండు జడల పిల్ల నిలబడి ఉంది. "జవాబు దొరికిందా టీచర్?"

"ఇంకా లేదమ్మా. రేపొచ్చి చెప్తాను."

"కొత్త టీచర్లందరూ అలాగే అంటారు," అని, కోపం లేకుండానే, ఆ పిల్ల వెళ్లిపోయింది.

ఖాళీ గదిలో కొత్త టీచరు కూర్చుంది. పది రోజుల్లో నలభై పేజీలు. రాయగలదో లేదో తెలియదు, రాస్తే ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలియదు. భయం పొద్దుటికంటే ఎక్కువే అయింది కానీ తగ్గలేదు. ముందు నలభయ్యో పేజీ తీసి, ఉన్నదంతా కొట్టేసి, కింద రాసింది: "ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. రేపు ఉదయం వెళ్లి చెప్పాలి." తర్వాత మొదటి పాఠం దగ్గరికి తిప్పింది. విద్యార్థులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు అని అక్కడ గుండ్రటి అక్షరాల్లో ఉంది. దాన్నీ కొట్టేసింది. ఈసారి అక్షరాలు వంకర్లు పోయాయి.

"మొదటి రోజు హాజరు రెండుసార్లు పిలిచాను," అని రాసింది. "అది అయిపోతే పాఠం మొదలుపెట్టాలి కదా అని."