పాపయ్య 'ప', పీరాంబీ 'ప'

ఆళ్లగడ్డ బాల్వాడీలో హన్నమ్మ టీచరుగా చేరి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ పిల్లలు అక్షరాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు. మధ్యలో ఒక అక్షరం చూపించి ఇదేమిటంటే మాత్రం మళ్లీ 'అ' దగ్గర బయలుదేరి అక్కడిదాకా నడిచి రావాల్సిందే. కొందరు దారిలోనే తప్పిపోయేవాళ్లు.

1979 ఎండాకాలంలో ఆమె నంద్యాలలో పదిరోజుల శిక్షణకు పోయింది. ఏ పిల్లకైనా అన్నిటికన్నా ఇష్టమైన మాట తన పేరేనని, చదువు అక్కడే మొదలుపెట్టమని అక్కడ చెప్పారు. హన్నమ్మకు అది నచ్చింది. తిరిగొచ్చి పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, వెనకవైపు ఒక్కొక్కరి పేరూ పెద్ద అక్షరాలతో రాసి, దారం కట్టింది. పొద్దున రాగానే ఎవరి చీటీ వాళ్లు కుప్పలోంచి వెతుక్కుని మెడలో వేసుకోవాలి.

నాలుగేళ్ల మాబున్నీ తన నాయనమ్మ పీరాంబీ కొంగు వదిలితే ఏడ్చేది. అందుకని పీరాంబీ కూడా రోజూ గోడవారగా కూర్చునేది. మూడోనాడు ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"అందరికీ పేర్లు రాసినావు. నాదేదీ?"

"నువ్వు పిల్లవా అవ్వా?"

"రోజూ ఈడ కూచునేది నేను కాదా? నా పేరు ఎట్లుంటాదో నేను చూడొద్దా?"

హన్నమ్మ రాసిచ్చింది. మర్నాడు పొద్దున్నే తగాదా. ఒకే చీటీని ఐదేళ్ల పాపయ్య అటు, అరవై ఏళ్ల పీరాంబీ ఇటు పట్టుకుని లాగుతున్నారు.

"ఇది నాది! 'ప' ఉంది చూడు!"

"'ప' నీకొక్కనికే రాసిచ్చినారా? నాకు లేదా?"

"టీచరమ్మా! నా 'ప'ను ఈ అవ్వ ఎత్తుకపోతాంది!"

హన్నమ్మ నవ్వు ఆపుకుంది. నాలుగేళ్లలో ఒక అక్షరం కోసం ఎవరైనా కొట్లాడటం ఆమె చూడలేదు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టింది.

"ఇద్దరిదీ 'ప'నే. పాపయ్యకు పక్కన దీర్ఘం. అవ్వకు నెత్తిన గుడి దీర్ఘం."

"గుడేందమ్మే? నమాజు చేసేదాన్ని, నా నెత్తిన గుడి పెడ్తావా?"

"నేను చర్చికి పోయేదాన్నే అవ్వా. గుడులు నేర్పితేనే నాకు జీతమిస్తారు."

పీరాంబీ తన చీటీ మెడలో వేసుకుంది. "సరే, ఉండనీలే. ఎండ తగలదు."

నెల తిరిగేసరికి పిల్లలు ఒకరి అక్షరాలు ఇంకొకరి పేర్లలో వెతికి పట్టుకుంటున్నారు. అప్పుడే ఒకరోజు సూపర్‌వైజరు అనసూయమ్మ చెప్పాపెట్టకుండా నంద్యాల బస్సు దిగింది. రిజిస్టరులో ఇరవై పేర్లు, మెడల్లో ఇరవై ఒక్క చీటీలు.

"ఎవరీమె? బాల్వాడీ ఆరేళ్ల లోపు వాళ్లకని తెలీదా?"

పీరాంబీ లేచి నిలబడింది. "నాకు అరవై అమ్మా. ఒక సున్నే కదా ఎక్కువ!"

అనసూయమ్మ నవ్వలేదు. "హన్నమ్మా, ఇదేం తమాషా? పేర్లు మెడలో వేలాడదీస్తే చదువొస్తుందా?"

హన్నమ్మ జవాబు చెప్పేలోగా పాపయ్య లేచి వచ్చి, అనసూయమ్మ భుజాన వేలాడే గుడ్డసంచి మీది ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టాడు.

"పా... ప... య్య." ఒక్కసారిగా కేక పెట్టాడు. "టీచరమ్మా, ఈమె నా సంచి ఏసుకొచ్చింది!"

"ఇది నంద్యాల బట్టలంగడి సంచిరా! ఆ సేటు పేరది!"

"నా పేరుంది!" వాడు సంచి పట్టుకుని వేలాడాడు.

పీరాంబీ తీర్పు చెప్పడానికి వచ్చింది. అక్షరాలను తడిమి చూసింది. "'పా'నే. గుడి లేదు, నాది కాదు. పిల్లోనిదే. ఇచ్చెయ్ అమ్మా."

అనసూయమ్మ చెయ్యి వదులైంది. "వీడికి ఇది ఎవరు చూపించారు?"

"ఎవరూ లేదు మేడం. మీ సంచి వాడు ఈపొద్దే చూడటం," అంది హన్నమ్మ.

అనసూయమ్మ విజిటర్స్ పుస్తకంలో చాలాసేపు రాసింది. "అవ్వను కూర్చోనివ్వు. రిజిస్టరులో మాత్రం ఎక్కించొద్దు," అంది. పాపయ్య సంచి వదల్లేదు. ఆమె సంచి వాడికే వదిలేసి, అందులోని టిఫిన్ క్యారియరు, కాగితాలు చేతుల్లో పట్టుకుని, ఇక పట్టని గొడుగు హన్నమ్మ దగ్గర ఉంచి, నవ్వుకుంటూ బస్టాండుకు నడిచింది.

మరుసటి జూన్‌లో మాబున్నీ ఒకటో తరగతికి పోయింది. మనవరాలిని బడి దగ్గర దింపి పీరాంబీ నేరుగా బాల్వాడీకి వచ్చి కూర్చుంది.

"ఇంక నీకీడ పనేముంది అవ్వా?"

"పనేందా? నాకింకా వత్తులు రాలేదు కదమ్మే," అంది పీరాంబీ, చాప సర్దుకుంటూ.