స్టూళ్ల గురించి ఒక వాక్యం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదున్న ఆ చీరల షాపులో పనిచేసే ఆడవాళ్లకు పిన్నులు తెగ పడిపోయేవి. పిన్ను పడితే వెతకాలి. వెతకాలంటే కౌంటర్ వెనక గొంతుక్కూచోవాలి. వాళ్లకు దొరికే కూచోవడం అదొక్కటే. షాపులో మెత్తటి సోఫాలున్నాయి, కానీ అవి కొనేవాళ్లకు. అమ్మేవాళ్లు షట్టర్ లేచిన దగ్గర్నుంచి దిగేదాకా నిలబడే ఉండాలి. కూచుంటే సోమరుల్లా కనిపిస్తారని యజమానులు అనుకుంటారు. కూచునే అనుకుంటారు.

సంతోషికి అందరికన్నా ఎక్కువ పిన్నులు పడేవి. తుర్కయంజాల్ నుంచి బస్సులో కూడా నిలబడే వస్తుంది. పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నల్లబడ్డాయి. నిలబడే పని మానుకొమ్మని దవాఖానలో డాక్టరు చెప్పాడు. మానుకుంటే ఏం తినాలో చీటీలో రాయలేదు.

పక్క కౌంటర్ మాలతిది. అమ్మేది పోచంపల్లి చీరలు. ఆమె తండ్రి బ్రహ్మం అవే చీరలు గుంట మగ్గంలో కూచుని నేసి నేసి నడుం పోగొట్టుకున్నాడు.

"మీ నాయినకు కూసుండి కూసుండి రోగమొచ్చె, మనకు నిలబడి నిలబడి ఒస్తున్నది," అనేది సంతోషి. "మధ్యల ఒక్కతే మంచిగున్నదక్కా, గా చీర కట్టుకునే ఆమె."

ఫ్లోర్ ఇన్‌చార్జి పని మానేసి వెళ్లిపోయాడు. డిగ్రీ చదివింది కదా అని ఆ పోస్టుకు మాలతిని ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుందన్నారు. ఆ మధ్యాహ్నం స్టాక్ రూములో అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే మాలతి మాటిచ్చింది.

"కౌంటర్‌కు ఒక్క స్టూలు. గిరాకీ లేనప్పుడు కూసునెటందుకు. పోంగనే అదే అడుగుత."

"అడుగక్కా. ఇయ్యకుంటె మానె. ఒక్కసారన్న వాళ్ల చెవుల పడాలె," అంది సంతోషి.

మరునాటి నుంచి షాపు తెరవకముందే మాలతి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయింది. టిఫిన్ సెంటర్ పైన ఒకే గది. చెప్పేది శ్రీరామమూర్తి సారు, ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒక రోజు బోర్డు మీద 'ఇమాజిన్' అని రాసి కింద గీత గీశాడు.

"ఊహించు. ఏ ఇంటర్వ్యూకెళ్లినా ఈ మాటతోనే అడుగుతారు. దీని వెనక 'టు' వేశారో మీ పనయిపోయినట్టే. ఐ ఇమాజిన్ టు గో కాదు, ఐ ఇమాజిన్ గోయింగ్. ఏదీ, తలా ఒకటి సొంతంగా చెప్పండి."

ఒకడు హైటెక్ సిటీలో పనిచేస్తున్నట్టు ఊహించాడు. ఇంకొకామె కారు నడుపుతున్నట్టు ఊహించింది. మాలతి లేచింది.

"ఐ ఇమాజిన్ ది సేల్స్ గర్ల్స్ సిట్టింగ్."

"సెంటెన్సు కరెక్టేనమ్మా," అన్నాడు సారు. "కానీ ఇదేం ఊహ? ఇంటర్వ్యూలో ఎవరన్నా కుర్చీలు అడుగుతారా? యూనియన్ మనిషనుకుని అక్కణ్నుంచే పంపేస్తారు. ఆ సిట్టింగ్ తీసెయ్. ఐ ఇమాజిన్ ది సేల్స్ గ్రోయింగ్. ఏదీ, అను."

"ఏం మార్చాలె అని వాళ్లే అడిగితే సార్?"

"అడుగుతారు. తెలుసుకోడానిక్కాదు తల్లీ, నీ ఇంగ్లీషు వినడానికి. ఊహలు వాళ్ల దగ్గర బోలెడున్నాయి."

శ్రీరామమూర్తి చెడ్డవాడు కాదు. తన దగ్గరికొచ్చినవాళ్లకు ఉద్యోగం రావాలని నిజంగా కోరుకునేవాడు. అందుకే వాళ్ల నోట్లోంచి వాళ్లను తీసేసేవాడు. కర్మన్‌ఘాట్‌లోని కిరాయింట్లో అద్దం ముందు నిలబడి మాలతి సారు చెప్పిన వాక్యాన్ని అరగదీసింది. స్టూళ్ల వాక్యం కూడా వచ్చు. దాన్ని మాత్రం అద్దం ముందు అనలేదు.

ఎల్బీనగర్ ఆఫీసులో ఇంటర్వ్యూ చేసింది యజమాని కొడుకు కార్తీక్. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాడు:

"ఇమాజిన్ ది ఫ్లోర్ ఈజ్ యువర్స్. వాట్ విల్ యూ చేంజ్?"

అడిగి, పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. మాలతి ఆ పెన్ను చూసింది. సంతోషి కాళ్లు గుర్తొచ్చాయి. మాట నాలుక దాకా వచ్చింది. అక్కడ అప్పటికే ఇంకో వాక్యం కూచుని ఉంది, తప్పుల్లేకుండా, తయారుగా.

"ఐ ఇమాజిన్ ది సేల్స్ గ్రోయింగ్."

కార్తీక్ ఇంకాసేపు చూశాడు. రాసుకోవడానికేమీ దొరకనట్టు పెన్నుకు మూత పెట్టాడు. "వెరీ గుడ్ ఇంగ్లీష్," అన్నాడు.

ఉద్యోగం వచ్చింది.

"అడిగినవా అక్కా?" అంది సంతోషి.

"టైం రాలే."

"మెల్లగ అడుగుదువు తియ్. ఇగ నువ్వే ఇన్‌చార్జి ఆయె."

ఇన్‌చార్జికి సీసీ కెమెరా తెర ముందు కుర్చీ ఉంటుంది. మాలతి అందులో కూచుంది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటుండగానే ఫ్లోరంతా విప్పి కొత్తగా కట్టారు. తళతళలాడే కౌంటర్లు వచ్చాయి. చీరలు ఇంకా ఎక్కువ పట్టేలా వాటిని వెడల్పు చేశారు. వెనకాల మనిషి నిలబడేంత సందే మిగిలింది. వంగితే మోకాళ్లు చెక్కకు తగులుతాయి. ఆ తర్వాత ఎవరికీ పిన్నులు పడలేదు.

ఒక మధ్యాహ్నం సంతోషి పిక్క మీద నరం చిట్లి, చుట్టుకున్న కట్టు నెత్తురుతో తడిసి, చీర అంచుకు మరక అంటింది. మాలతి చూసింది. మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్ పోయి కార్తీక్ ముందు నిలబడింది. ఈసారి తెలుగులోనే అడిగింది.

"సార్, కౌంటర్ల దగ్గర స్టూళ్లు గావాలె. కాళ్లు పోతున్నయ్ వాళ్లవి."

కార్తీక్ ఆశ్చర్యంగా చూశాడు. "ఇది ఇంటర్వ్యూలో చెప్పలేదేంటండీ? ఏం మారుస్తారని అడిగాను కదా. అప్పుడే కౌంటర్ల డిజైన్ వేయిస్తున్నాం, అందుకే అడిగా. చెప్పుంటే వెనక కొంచెం జాగా వదిలేవాళ్లం."

"ఇప్పుడు..."

"ఇప్పుడెక్కడ పెడతాం, మీరే చెప్పండి. మళ్లీ మార్చినప్పుడు చూద్దాం."

అబద్ధమే కావచ్చు. అడగనిదాన్ని, అడిగుంటే ఇచ్చేవాళ్లం అనడం యజమానికి ఖర్చులేని దయ. కానీ ఆ పెన్ను మూత నిజంగానే తీసి ఉంది. ఇచ్చేవాడో కాదో మాలతికి ఇక ఎప్పటికీ తెలియదు. అడిగి లేదనిపించుకుని ఉంటే కనీసం కోపమైనా మిగిలేది. పదిమందికి చెప్పుకునే కోపం. ఇది ఎవరికీ పంచలేనిది.

షాపుకొచ్చి నేరుగా సంతోషి కౌంటర్ దగ్గరికి పోయింది.

"అడిగిన."

"ఏమన్నడు?"

దాచొచ్చు. దాచలేదు. "కౌంటర్లు చేయించకముందు అడగాల్సిందట. అప్పుడైతే ఇచ్చేటోళ్లట."

సంతోషి మడుస్తున్న చీరను ఆపింది. "టైం రాలేదంటివి గదా."

"ఒచ్చింది. పెన్ను పట్టుకొని కూసున్నడు. నేనే వేరేది చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

మాలతి ఆ వాక్యం చెప్పింది. ఇప్పటికీ ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

"అంటే?"

"అమ్మకాలు పెరుగుతున్నట్టు ఊహిస్తున్న అని."

సంతోషి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. "పెరిగినయ్ గద మరి, మేడం," అంది.

అంతవరకు ఎన్నడూ ఆమె నోట మేడం అన్న మాట రాలేదు.

మెట్లెక్కి ఒక పెద్దామె, వెంట కూతురు వచ్చారు. సంతోషి చేతిలో చీర పక్కన పెట్టి, మొహం మార్చుకుని సోఫా చూపించింది.

"రాండ్రమ్మా. కూసోండ్రి."