విమానంలో భాగం

సుభాన్ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుతాడు. అతను చెక్కిన వాటికి భార్య అమీరున్నీసా గరుకు కాగితం పట్టి నునుపు చేస్తుంది. అలా ఇద్దరి చేతుల మీదుగా కూడిన డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో ఉంది. అది ఉమ్రా డబ్బు. మక్కాకు వెళ్ళి రావాలని నీయత్ చేసుకుని, అంటే మనసులో సంకల్పం చెప్పుకుని, ఇంట్లో పెళ్ళిళ్ళొచ్చినా జబ్బులొచ్చినా ముట్టకుండా దాచినది. అయితే వాళ్ళు కూడబెట్టేకొద్దీ ప్రయాణం ఖర్చు కూడా పోటీపడి పెరిగింది. ఇప్పటికి ఒక మనిషికి సరిపోయి కాస్త మిగులుతుంది. ఇద్దరికీ చాలదు.

ఆ సంగతి తెలిసే అమీరున్నీసా తమ్ముడు నిసార్ ఆత్మకూరు నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. అతనికి అక్కడ సెల్‌ఫోన్ల అంగడి ఉంది.

"దూల్హాభాయ్, ఇట్ట ఒక్కో గరిటె చెక్కుకుంటా పోతే మీరు మక్కాకు కాదుగదా, పక్కనుండే మర్రిపాడుకు గూడా చేరరు" అన్నాడు బావ పక్కన కూర్చుంటూనే. "ఒక విమానాల కంపెనీ షేర్లు అమ్ముతా ఉండాది. రేపు సాయంత్రం ఆఖరు. మార్కెట్లోకి వచ్చిన రోజే రేటు ఎగురుద్ది. అమ్మేసి, ఇద్దరూ దర్జాగా ఆ విమానమే ఎక్కి పోండి."

"ఎగరకపోతే?" లోపలినుంచి అమీరున్నీసా అడిగింది.

"విమానం ఆపా! ఎగరక ఏం చేస్తాది?"

సుభాన్ నవ్వాడు గాని, మాట మనసులో పడింది. షేరంటే ఏమిటో అతనికి తన పనిలోంచే అర్థమైంది. పక్కింటాయనా తనూ పొత్తుకు బండెడు కట్టె కొంటారు. ఎండాక సగం నెర్రెలు విచ్చినా ఒకరినొకరు అడగరు. పగిలింది ఇద్దరిదీ, నిలిచింది ఇద్దరిదీ. ఇదీ అలాంటిదే కదా అనుకున్నాడు. అయినా నీయత్ చేసిన డబ్బు గనక, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక, మసీదులో నమాజు చేయించే జబీవుల్లా హజ్రత్‌ను అడిగాడు.

"లాభంలోనూ నష్టంలోనూ భాగముంటే అది బేరమే, తప్పు లేదు" అన్నాడాయన. "అయితే మన డబ్బు దేనికి పోతాదో ముందు తెలుసుకో సుభాన్. ఆ పైన నన్ను అడగబాక. నేను బస్సు తప్ప ఏమీ ఎక్కినోణ్ణి కాదు."

మరునాడు మధ్యాహ్నం నిసార్ తన ఫోన్లోనే అక్క పేరుతో దరఖాస్తు పూర్తి చేశాడు. డబ్బు ఆమెది గనక ఒప్పుకోమని అడిగే సందేశం అమీరున్నీసా ఫోనుకు వచ్చింది. ఆమె దాన్ని మొగుడి ముందు పెట్టింది.

"నా చేతుల నిండా పొడి. పిన్ను మీకు తెలుసు గదా, మీరే నొక్కండి."

సుభాన్ ఫోను అందుకున్నాడు. "నిసార్, మన డబ్బుతో వాళ్ళేం చేస్తార్రా? కొత్త విమానాలు కొంటారా?"

నిసార్ తన ఫోను పైకీ కిందికీ జరిపి చూశాడు. "కొంచెం దానికి. ఎక్కువ భాగం పాత అప్పులు తీర్చడానికంట."

"వడ్డీ అప్పులా?"

"బ్యాంకులు ఊరికే ఇస్తాయా, దూల్హాభాయ్?"

"అంటే మన ఉమ్రా డబ్బుతో వాళ్ళ వడ్డీ కట్టాలా?"

"అప్పు తీరిపోతే వడ్డీ ఆగిపోతాది గదా! పుణ్యమే అనుకోండి."

ఆ మాట నిజమే కావచ్చు. కట్టె కొనేముందు మొద్దును వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి చూడడం సుభాన్ అలవాటు. లోపల గుల్ల ఉంటే చప్పుడే చెబుతుంది. దీన్ని ఎక్కడ కొట్టి చూడాలి? మతంలో వడ్డీ తప్పు గనక, అప్పు తేవడం ఇష్టంలేక అతను చెక్క తిప్పే మిషను కూడా కొనలేదు. ఫోను చేతిలో అలాగే ఉంది. సాయంత్రపు నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినిపించింది. అతను ఫోనును చెక్కపొట్టు మీద పెట్టి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు లేచాడు. నమాజు చేసి తిరిగి వచ్చేసరికి అయిదింటి గడువు దాటిపోయింది.

"ఆపా, నీ మొగుడు గరిటెలకే పుట్టినాడు" అని నిసార్ హెల్మెట్టు తగిలించుకున్నాడు.

షేరు మార్కెట్లోకి వచ్చిన రోజు రేటు ఎగిరింది. నిసార్‌కు తాను విడిగా పెట్టిన దరఖాస్తులో వచ్చినవి కొన్నే అయినా అమ్మి లాభం చూసుకున్నాడు. ఆ సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

రంజాను దాటాక అమీరున్నీసా అక్క సాయిరా వాళ్ళు ఆత్మకూరు నుంచి గుంపుగా ఉమ్రాకు బయల్దేరారు. ఉన్న డబ్బుతో ఒకరు వెళ్ళొచ్చు.

"రుద్ది రుద్ది నీ వేళ్ళే ఎక్కువ అరిగినాయి. ముందు నువ్వు పో" అన్నాడు సుభాన్.

చెన్నైకి వెళ్ళే వ్యాను ఆత్మకూరు బస్టాండు పక్కన ఆగింది. సామాను ఎక్కిస్తుంటే అమీరున్నీసా టిక్కెట్టు చూపించింది.

"ఇది ఆ కంపెనీదే. వడ్డీకి తెచ్చిన విమానం. ఎక్కొచ్చునా?"

"బస్సెక్కేటప్పుడు ఓనరు బాకీలు అడుగుతామా? మనం ఇచ్చేది కిరాయి. కిరాయి ఇచ్చేవాడు వేరే, భాగం ఉండేవాడు వేరే."

"ఇంత బాగా చెప్తా ఉండారే! మరి ఆ రోజు ఫోను కింద ఎందుకు పెట్టినారు? వడ్డీకి జడిసినారా, డబ్బు పోతాదని జడిసినారా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. సుభాన్ ఆమె సంచీ సీటు కిందికి తోశాడు.

"నాకూ తెలీలేదు. అక్కడ దువా చేసేటప్పుడు అది గూడా అడుగు."

వ్యాను కదిలింది. అది నెల్లూరు రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడి, అతను ఉదయగిరి బస్సు కోసం అవతలి వైపుకు నడిచాడు.