ధర్మకర్త తొలి ఉడుకు

ధర్మ కడాయిలో తొలి ఉడుకు ధర్మకర్తదైతేనే ఆ ఏడు అందరి పసుపుకూ రంగు వస్తుందని ఆర్మూరులో గట్టి నమ్మకం. హన్మాండ్లు ధర్మకర్త కాకముందు ఇలాంటి నమ్మకం ఎవరికీ లేదన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

పసుపు ఉడికించే కడాయిని, ఎండబోసే కల్లాన్ని సంతానం లేని లసుమవ్వ సొంత కడాయి లేని రైతుల కోసం ట్రస్టుగా రాసి పోయింది. ధర్మకర్తలు ముగ్గురుండాలన్నది ఆమె షరతు. ఒకరు చనిపోగా హన్మాండ్లు, వకీలు వాహబ్ మిగిలారు. హన్మాండ్లు ఇంట్లో సొంత కడాయి ఉంది. ధర్మం మీది గౌరవంతో ఆయన దాన్ని ఎన్నడూ పొయ్యి ఎక్కించలేదు.

1989లో తొలి ఉడుకు ఒక పట్టాన తెమలలేదు. హన్మాండ్లు పసుపు ముగిశాక బావమరిదిది వచ్చింది. బంధువుల పసుపు సైతం ధర్మకర్త పసుపేనని ఆయన వ్యాఖ్యానించాడు. ఆపైన వేల్పూర్ నుంచి మోతుబరి అయిన ఆయన అల్లుడి పసుపు బండి వచ్చి కడాయి పక్కన ఆగింది. అప్పటికి సొంత కడాయి లేని కనకవ్వ తవ్వి తెచ్చిన పసుపు కుప్పలోనే మెత్తబడుతోంది. ఆమెకు ఏడాదికి ఉన్నది ఆ ఒక్క పంటే.

“పటేలా, నా కొమ్ములు కుళ్లుతున్నయి. జర కడాయి ఇడువుండ్రి.”

“రంగు రాకుంటే ఊరంత నన్నే తిడ్తది. తొలి ఉడుకు ధర్మకర్తదే. గది రివాజు.”

“గట్లనా?” కనకవ్వ కల్లం చూడవచ్చిన వాహబ్ వైపు తిరిగింది. “వకీల్ సాబ్, మూడో కుర్చీ ఖాళీగనే ఉన్నది గద! నన్ను ధర్మకర్తను చేయుండ్రి. రివాజు నేను గుడ పాటిస్త.”

కల్లంలో ఉన్న రైతులు నవ్వారు. వాహబ్ నవ్వలేదు.

“నాకు మంజూరే. నువ్వు గుడ ఊఁ అను, హన్మాండ్లు భాయ్. గీమె కొమ్ములు గిప్పుడే కడాయిల పోద్దాం.”

హన్మాండ్లు అదిరిపడ్డాడు. “గదెట్లైతది? ట్రస్టు సొత్తు ధర్మకర్త సొంతానికి వాడుకోవద్దు. కానూన్ ఒప్పుకోదు!”

“జర జోరుగ చెప్పు భాయ్. ఎనక నిలబడ్డోళ్లకు ఇనబడలే.”

హన్మాండ్లు గొంతు తగ్గింది. “సొంతానికి... వాడుకోవద్దు.”

“మరి అల్లునికి?” అన్నాడు వాహబ్.

“అల్లుడు ధర్మకర్త కాదు గద!”

“గట్లయితే గాయన బండికి గీడేం పని, పటేలా?” అంది కనకవ్వ.

రైతులు బండిని వేల్పూర్ దారికి మళ్లించారు. కనకవ్వ కుళ్లిన కొమ్ములు ఏరి పారేసి, మిగిలినవాటిని ఆ మధ్యాహ్నమే ఉడికించింది. ధర్మకర్త పదవి తీసుకొమ్మని వాహబ్ మళ్లీ అడిగితే ఒప్పుకోలేదు.

“ధర్మకర్తనైతే నా పసుపు యాడ ఉడికించుకోవాలె, సాబ్?”

మరుసటి ఏడు తొలి ఉడుకు ఒక కౌలు రైతుది. హన్మాండ్లు తన పసుపును ఇంటి కడాయిలో ఉడికించుకున్నాడు. మార్కెట్ యార్డులో అందరి కుప్పలనూ పక్కపక్కనే పోశారు. రంగులో తేడా లేదు.